నొక్కితేనే మోగే పాట

జపాన్‌లో విద్యార్థి వీసా మీద ఉన్నవాళ్లు వారానికి 28 గంటలు పార్ట్‌టైమ్ చేసుకోవచ్చు. కన్వీనియన్స్ స్టోర్‌లో బిల్లు కొట్టొచ్చు, బెంతో ఫ్యాక్టరీలో అన్నం డబ్బాలు సర్దొచ్చు, హోటల్లో గిన్నెలు కడగొచ్చు. నాణెం వేసి యంత్రాల మీద ఆటలాడే గేమ్ సెంటర్‌లో మాత్రం కుదరదు. జూదంలాంటి ఆటలాడే పచింకో హాళ్లూ మాజాంగ్ క్లబ్బులూ ఏ చట్టం కిందికి వస్తాయో గేమ్ సెంటర్లూ దాని కిందికే వస్తాయి కాబట్టి, అక్కడ నేల తుడవడానికి కూడా విద్యార్థిని పెట్టుకోకూడదు. టోక్యోలోని తకదనోబబాలో భాష నేర్చుకునే రోజుల్లో ఈ సంగతి తెలిసి నాకు నిజంగా బాధేసింది. డబ్బు కోసం కాదు. బీట్‌మేనియా టూ డీఎక్స్ అనే సంగీతం ఆట యంత్రం లోపల ఏముందో చూడాలని ఉండేది. లోపలికి వెళ్లే దారి ఆ ఉద్యోగమే అనుకున్నాను.

తెలియనివాళ్ల కోసం కొంచెం చెబుతాను. కొనామి కంపెనీ 1997 డిసెంబరులో బీట్‌మేనియా తెచ్చింది. అయిదు కీలు, పక్కన డీజేలు తిప్పే పళ్లెం లాంటి టర్న్‌టేబుల్. తెర మీద పైనుంచి గీతలు పడుతుంటాయి, కింద గీటును తాకగానే ఆ కీ నొక్కాలి. 1999లో ఏడు కీలతో టూ డీఎక్స్ వచ్చింది. అదే ఇంట్లోంచి కాళ్లతో ఆడే డాన్స్ డాన్స్ రెవల్యూషన్, గిటార్ ఫ్రీక్స్, డ్రమ్ మేనియా వరసగా పుట్టాయి. మొదటి ఆట ఎంత ఆడిందంటే, కొనామి తన సంగీతం ఆటలన్నిటికీ దాని పేరునే కుదించి బెమాని అని పెట్టుకుంది.

ఇక అసలు విషయం. చాలా రిథమ్ ఆటల్లో పాట దాని మానాన అది వెనకాల మోగుతూ ఉంటుంది, మనం తప్పు నొక్కినా ఆగదు. బీట్‌మేనియాలో అలా కాదు. పాటను వందల ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కను ఒక్కో గీతకు కట్టిపెడతారు. నొక్కితేనే ఆ పియానో స్వరం పలుకుతుంది, ఆ డ్రమ్ దెబ్బ పడుతుంది. నొక్కకపోతే అక్కడ ఖాళీయే. భజనలో తాళం వేసేవాడు చెయ్యి ఆపితే ఎలా బోసిపోతుందో అలా. అందుకే దీనికి పాట కట్టేవాళ్లు మామూలుగా పాట కట్టి ఊరుకుంటే చాలదు, ఏ స్వరం ఎవరి వేలికి వెళ్లాలో కూడా ఆలోచించాలి. ఒకే పాటకు నార్మల్, హైపర్, అనదర్ అని స్థాయులుంటాయి. స్థాయి పెరిగేకొద్దీ యంత్రం తనంతట తాను మోగించేది తగ్గుతుంది, మన చేతికి అప్పగించేది పెరుగుతుంది. అనదర్‌లో బాగా ఆడేవాళ్ల వెనక నిలబడి వింటే, పాట వాళ్ల వేళ్లలోంచే వస్తున్నట్టు ఉంటుంది.

భాష స్కూలు అయ్యాక నాకు కవాసాకి అనే ఊరి వైపు ఉద్యోగం దొరికింది. హాకెన్ పద్ధతి, అంటే జీతం ఇచ్చేది ఒక కంపెనీ, పని చేసేది ఇంకో కంపెనీలో. కార్లలో వెనక కెమెరా బొమ్మ తెర మీదికి ఎంత ఆలస్యంగా వస్తోందో కొలవడం నా పని. కెమెరా ముందు ఒక ఎల్‌ఈడీ వెలిగించి, తెర మీద వెలుతురు పట్టే సెన్సార్ పెట్టి, రెండిటి మధ్య తేడాను మిల్లీసెకన్లలో రాసుకోవడం. రివర్స్ గేరు వేసిన 2 సెకన్లలోపు బొమ్మ రావాలని అమెరికా నిబంధన. కానీ బొమ్మ వచ్చాక, అది ఎంత వెనకబడి కదులుతోందనేది డ్రైవరు ప్రాణం మీదికొచ్చే విషయం. మా ల్యాబులో పెద్దాయన ఒకరు 10 మిల్లీసెకన్ల తేడా కోసం సాయంత్రమంతా కూర్చునేవారు.

ఆ పని చేశాకే టూ డీఎక్స్ తయారుచేసినవాళ్ల కష్టం నాకు అర్థమైంది. తెర సెకనుకు 60 సార్లు మారుతుంది, అంటే ఒక్కో ఫ్రేము 16.7 మిల్లీసెకన్లు. మన నొక్కుడికి యంత్రం ఇచ్చే తీర్పుల్లో అన్నిటికన్నా మేలైనది రావాలంటే ఇంచుమించు ఒక ఫ్రేము అటో ఇటోలో కీ నొక్కాలి. తొలి టూ డీఎక్స్ యంత్రాల లోపల ప్లేస్టేషన్ మీద కట్టిన బోర్డు ఉండేది, వెనకాల కదిలే వీడియో కోసం ఒక డీవీడీ ప్లేయర్ పెట్టారు! పాటా వీడియో గీతలూ, వేరువేరు పెట్టెల నుంచి వచ్చి ఒకే క్షణంలో కలవాలి. 2003లో 9వ స్టైల్ అనే వెర్షన్‌తో లోపలి బోర్డు మార్చి పీసీ పెట్టారు. కాగితం మీద అది ఎన్నో రెట్లు బలమైనది. కానీ నొక్కిన కీకి శబ్దం ఆలస్యంగా పలికింది, ఆడేవాళ్లు వెంటనే పట్టేశారు. నేను పరికరాలతో కొలిచేదాన్ని వాళ్లు వేళ్లతో కొలిచారన్నమాట. ఆ ఆటగాళ్లంటే నాకు గౌరవం. 2019లో లైట్నింగ్ మోడల్ అనే కొత్త యంత్రంతో 120 హెర్ట్జ్ తెర, అంటే సెకనుకు 120 సార్లు మారేది, వచ్చింది. అప్పటిదాకా ఎన్నో షాపుల్లో ఇరవై ఏళ్ల నాటి పాత ఒళ్లే, లోపలి గుండె మారుస్తూ నడిచింది.

మా రూమ్మేట్ ఖమ్మం కుర్రాడు. "అన్నా, మూడు నాలుగు పాటలకి నూరు యెన్లా? మనూళ్లో భోజనం వస్తది కదా" అనేవాడు. నిజమే. అయితే ఆ నూరు యెన్ల నాణెం వెనక కూడా ఒక కథ ఉంది. యంత్రం నోరు నూరు యెన్ల నాణేనికే చేసింది. 1997లో వినియోగ పన్ను 5 శాతం, 2014లో 8, 2019లో 10 అయింది. బియ్యం ధర పెంచినట్టు ఆట ధరను నూట రెండు యెన్లు చెయ్యడం కుదరదు కదా, పెరిగిన పన్నంతా షాపువాడే మోశాడు. ఇప్పుడు ప్రతి నాణెంలో 9 యెన్లు పన్నుకే పోతాయి. మిగిలినదాంట్లో అద్దె, కరెంటు, కొత్త వెర్షన్ ఖర్చు. కొనామి 2010లో పాసెలి అనే ఎలక్ట్రానిక్ డబ్బు తెచ్చాక నూరుకు అటూ ఇటూ ధర పెట్టే వీలు కలిగింది. అయినా షాపులు మూతపడుతూనే ఉన్నాయి. టోక్యోలోని అకిహబరాలో సెగా కంపెనీ గేమ్ సెంటర్ రెండో భవనం 2020 ఆగస్టులో మూసేశారు. ఆ తర్వాత సెగా గేమ్ సెంటర్ల వ్యాపారం నుంచే తప్పుకుంది, ఆ షాపులు ఇప్పుడు గీగో పేరుతో నడుస్తున్నాయి.

పేర్ల సంగతి కూడా చెప్పాలి, నాకు అన్నిటికన్నా ఇష్టమైనది అదే. బెమాని సంగీతకారులు ఒక్కొక్కరు ఎన్నో మారుపేర్లతో రాస్తారు. డాన్స్ డాన్స్ రెవల్యూషన్ తొలి వెర్షన్‌లో పారనోయా పాట కింద పేరు '180' అని ఉంటుంది. అది నావోకి మయెదా. ఆ పాట వేగం నిమిషానికి 180 బీట్లు. తర్వాత అదే పాటను 190 వేగంతో చేసినప్పుడు ఆయన పేరు '190' అయింది. పాట ఎంత వేగమో ఆయన పేరూ అంతే. హాకెన్‌లో పనిచేసేవాళ్లకు ఇది ఇంకోలా తగులుతుంది. నా మెడలో కార్డు వేరే కంపెనీది, నేను రాసిన రిపోర్టు మీద పడే పేరు ఇంకొకరిది. తయారైన కారులో నేనున్నట్టు ఎక్కడా ఉండదు. ఆలస్యం వస్తే మాత్రం నన్నే పిలుస్తారు.

యంత్రం లోపల చూడాలన్న కోరిక చివరికి తీరింది, ఉద్యోగంతో కాదు, ఒక నోటు పుస్తకంతో. ఇక్కడి చాలా షాపుల్లో యంత్రాల దగ్గర ఒక నోటు పుస్తకం ఉంటుంది. ఏ కీ ఎలా ఉందో ఆటగాళ్లు అందులో రాస్తారు, సిబ్బంది కింద జవాబు రాస్తారు. '1వ ప్లేయర్ వైపు 3వ కీ ఒకసారి నొక్కితే రెండుసార్లు పలుకుతోంది' అని నాకు వచ్చిన జపనీస్‌లో రాశాను. తర్వాత వెళ్లేసరికి ఎర్ర సిరాతో 'స్విచ్ మార్చాం, ఒకసారి చూసి చెప్పండి' అని ఉంది. చూస్తే బాగుంది, కానీ 5వది బిగుసుకుంది. కౌంటర్లో ఉన్న కుర్రాడికి చెబితే తాళంచెవితో ముందు పలక తెరిచి నన్నూ వంగి చూడమన్నాడు. తెల్లటి ప్లాస్టిక్ కీ కింద స్ప్రింగ్, దాని మధ్యలో బల్బు, పక్కనే గోరంత ఎర్ర బొడిపెతో మైక్రోస్విచ్. దాన్ని ఊడదీసి నా చెవి దగ్గర రెండుసార్లు నొక్కాడు. కొత్తదాన్నీ అలాగే వినిపించాడు. తేడా స్పష్టంగా తెలిసింది. ఎంత బరువుకి నొక్కుకుంటుందో స్విచ్చులకు రకరకాలున్నాయని, ఇక్కడికి వచ్చేవాళ్లు తేలిక రకం అడుగుతారని చెప్పాడు. రాత్రి షాపు మూసేశాక ఒక్కడే పదహారు చోట్లా చూసుకుంటాడట. కీలు రెండు వైపులా పద్నాలుగు, టర్న్‌టేబుళ్లు రెండు.

టోక్యో వైపు వస్తే ఒక్కసారి దీని ముందు నిలబడండి. ఎవరైనా ఎదురుచూస్తుంటే ఒక ఆట కాగానే పక్కకు జరగాలి, అది ఇక్కడి మర్యాద. నార్మల్‌లో తేలికైన పాట ఎంచుకుని, కాసేపు ఆడాక, రెండు మూడు వరసల గీతలు కావాలనే వదిలేయండి. అక్కడ ఏ వాయిద్యం మాయమైందో విని, మళ్లీ నొక్కడం మొదలుపెట్టండి.