పెరుంబాక్కంలో పెద్దమ్మ దగ్గర రెండు రోజులు

పోయిన నెల నెల్లూర్లో పినాకినీ ఎక్కి మధ్యాహ్నం చెన్నై సెంట్రల్లో దిగాను. ఎదురుగానే జీహెచ్, అదే రాజీవ్ గాంధీ ఆసుపత్రి. మా పెద్దమ్మ చింతాద్రిపేట వైపు కూవం నది గట్టున ఉన్నన్నాళ్లూ షుగర్ మాత్రలకి ఇక్కడికి నడిచొచ్చేసేది. 2015 డిసెంబర్ వరదల తర్వాత గట్టు ఖాళీ చేయించి వాళ్లని ఊరి చివర పెరుంబాక్కంలో ప్రభుత్వం కట్టిన ఇళ్లకి పంపారు, అక్కణ్ణుంచి జీహెచ్‌కి దాదాపు 25 కిలోమీటర్లు.

సాయంత్రానికి చేరాను. ఎక్కడ చూసినా ఎనిమిదంతస్తుల బ్లాకులే, పక్కన పళ్లికరణై చిత్తడి నేల. ఆవిడ ఇల్లు ఏడో అంతస్తు, ఆ రోజు లిఫ్ట్ లేదు, నాకే ఆయాసం వచ్చింది మరి మోకాళ్ల నొప్పులున్న మనిషి ఎట్లా ఎక్కుతుందో అని పైకెళ్లేదాకా అదే ఆలోచన.

"మాత్రలకి ఇబ్బంది లేదురా, ఇంటికే తెచ్చిస్తారు" అంది. 2021 ఆగస్టులో మొదలైన మక్కళై తేడి మరుత్తువం (అంటే జనాన్ని వెతుక్కుంటూ వచ్చే వైద్యం) అనే తమిళనాడు ప్రభుత్వ పథకం, వాలంటీర్ అమ్మాయి వచ్చి బీపీ, షుగర్ చూసి మాత్రలిచ్చి పోతుంది. నాకు చాలా సంతోషమేసింది, నిజంగా మంచి పని. కానీ కాలి మడమ మీద పుండు చూశాక గుండె ఝల్లుమంది. షుగర్ ఉన్నవాళ్లకి కాళ్లల్లో స్పర్శ తగ్గిపోతుంది కదా, చెప్పు కరిచింది కూడా తెలీలేదంట, వారం దాటిందంట, మెట్లు దిగాలని ఎవరికీ చెప్పలేదు! పక్కింటి వాళ్లబ్బాయి టీబీ మందులు ఇల్లు మారే హడావుడిలో మధ్యలో మానేశాడంట, ఆర్నెల్లు వరసగా వాడాల్సిన మందులవి, మానేస్తే జబ్బు ముదిరి ఆ మందులకే లొంగకుండా పోవచ్చు. ఇల్లు ఇచ్చిన రోజే, ఎవరెవరికి ఏ మందులు నడుస్తున్నాయో రాసుకుని కొత్త చోట అప్పజెప్పే మనిషి ఒకరుంటే చాలు కదా.

మర్నాడు పొద్దున్నే పెద్దమ్మని జీహెచ్‌కే తీసుకెళ్లా, పాత చీటీలన్నీ అక్కడివే అని పట్టుబట్టింది. బస్సులు మారి వెళ్లాం, పుండు కడిగి కట్టు కట్టారు, తడి తగలనీయొద్దు, చెప్పులు లేకుండా నడవొద్దు అని గట్టిగా చెప్పారు. తిరిగొచ్చేసరికి చీకటి పడింది. లిఫ్ట్ ఇంకా రాలేదు. నాలుగో అంతస్తులో మెట్టు మీద కూలబడింది, నీళ్ల సీసా మూత తీసిచ్చా.

"కాసేపాగి ఎక్కుదాంరా" అంది, ఇంకా మూడంతస్తులున్నాయి.