జిప్ ఫైలు, పాత ఆడిటరు, మధ్యలో నా కళ్ళజోడు

ఆ జిప్ ఫైలు ఇవాళ మధ్యాహ్నానికి తెరుచుకుంది. కోపం ఇంకా దిగలేదు, అందుకే ఇప్పుడే రాసేస్తున్నాను.

మాది బెంగళూరు చిక్కపేటలో చీరల హోల్‌సేల్ కొట్టు. కంప్యూటర్ పనంతా మా అబ్బాయే చూసేవాడు. వాడు ఉద్యోగమని పుణే వెళ్ళాక అది నా నెత్తిన పడింది. ఈ మధ్యే ఆడిటర్ని మార్చాం. జీఎస్‌టీ లెక్కలు వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు దాచాలి కదా, పాత కాగితాలన్నీ ఇమ్మని పాత ఆఫీసును అడిగాను. వదిలిపోయే పార్టీకి మర్యాదలెవరు చేస్తారు? నాన్చి నాన్చి ఒక జిప్ ఫైలు, అంటే చాలా ఫైళ్ళని ఒకే మూటగా కట్టింది, మెయిల్ చేశారు. పాస్‌వర్డ్ కూడా అదే మెయిల్లో.

డౌన్‌లోడ్ చేయడం తేలికే. పసుపు ఫోల్డరు, మీద జిప్పు బొమ్మ. రెండుసార్లు నొక్కితే లోపలి ఫైళ్ళ పేర్లన్నీ వరసగా కనిపించాయి. రైట్ క్లిక్ చేసి 'ఎక్స్‌ట్రాక్ట్ ఆల్' కొట్టాను.

పాస్‌వర్డ్ అడగలేదు. దాని బదులు ఒక గడి వచ్చింది: ఏదో ఊహించని ఎర్రర్, 0ఎక్స్80004005. కింద ట్రై ఎగైన్, స్కిప్, క్యాన్సిల్. ట్రై ఎగైన్ నొక్కితే మళ్ళీ అదే గడి.

ఆఫీసుకి ఫోన్ చేశాను. అక్కడో కుర్రాడు, మనవాడే, మదనపల్లె యాస. "పాస్‌వర్డ్ కరెక్టే అంకుల్, మీరే తప్పు కొడుతున్నారు" అన్నాడు.

"అసలు కొట్టమని అడిగితే కదా బాబూ!"

"అడుగుతుంది అంకుల్. సరిగ్గా చూడండి. కళ్ళజోడు పెట్టుకున్నారా?"

ఫోన్ స్పీకర్లో ఉంది. ఎదురుగా ధర్మవరం నుంచి చీరలు తెచ్చిన ఆయన కూర్చుని ఉన్నాడు. ఎర్రర్ నంబరు ఒక్కో అంకే చదివి వినిపించాను. కుర్రాడు వినకుండానే "ఇక్కడ మాకు బాగానే ఓపెన్ అవుతోంది, ఇంట్లో చిన్నపిల్లలెవరైనా ఉంటే వాళ్ళని కూర్చోబెట్టండి" అని పెట్టేశాడు. ధర్మవరం ఆయన చీర మడత సర్దుతున్నట్టు తల వంచుకుని నవ్వాడు. ముప్ఫై ఏళ్ళుగా నోటి లెక్కతో బేరాలు తేల్చినవాణ్ణి. చెవులు కాలిపోయాయి.

ల్యాప్‌టాప్ పట్టుకుని కంప్యూటర్ కొట్లుండే ఎస్.పి.రోడ్డుకి నడిచాను. అక్కడ ఒక కొట్టువాడు ఫైలు వంక చూడనైనా లేదు. "విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2025 అక్టోబరులోనే ఆగిపోయింది సార్, అందుకే. కొత్తది తీసుకోండి" అన్నాడు. సపోర్ట్ ఆగిన మాట నిజమే. దానికీ నా జిప్ ఫైలుకీ ఏ సంబంధమూ లేదు. ఒక నిజం చెప్పి పది వేలకి ఎసరు పెట్టేవాళ్ళు ఆ రోడ్డులో కొదవా!

గట్టెక్కించింది పక్క కొట్లో లెక్కలు రాసే హిందూపురం అమ్మాయి. "బాబాయ్, ఒకసారి ఇటివ్వండి" అని సెవెన్‌జిప్ అనే ప్రోగ్రాం ఎక్కించింది. ఉచితం, రెండు ఎంబీ కూడా ఉండదు. అసలు సైటు పేరులో సెవెన్‌కీ జిప్‌కీ మధ్య ఒక హైఫన్, చివర డాట్ ఆర్గ్. పేరు పోలిన వేరే సైట్ల జోలికి పోవద్దంది. అందులో ఫైలు తెరిచి, 'మెథడ్' అన్న గడిలో వేలు పెట్టి చూపించింది: ఏఈఎస్-256.

సంగతి ఇదీ. జిప్ ఫైలుకి తాళం వేసే పద్ధతులు ముఖ్యంగా రెండున్నాయి. పాతది బలహీనం. ఏఈఎస్ గట్టిది, 2003లో విన్‌జిప్ వాళ్ళు తెచ్చారు. నా విండోస్ 10లో సొంతంగా ఉండే జిప్ సదుపాయానికి పాత తాళం ఒక్కటే తెలుసు. ఏఈఎస్ కనబడితే పాస్‌వర్డ్ అడగడం కూడా చేతకాక ఆ ఎర్రర్ మొహాన కొడుతుంది. ఆఫీసు కంప్యూటర్లో వేరే ప్రోగ్రాం ఉండి ఉంటుంది, అందుకే వాళ్ళకి తెరుచుకుంది. నా కళ్ళజోడు బంగారంలా ఉంది!

సెవెన్‌జిప్‌లో పాస్‌వర్డ్ కొట్టగానే మూడేళ్ళ కాగితాలూ బయటపడ్డాయి. విండోస్ 11 వాడేవాళ్ళకి రైట్ క్లిక్‌లో సెవెన్‌జిప్ కనబడకపోతే 'షో మోర్ ఆప్షన్స్' నొక్కాలట. ఇంకోటి, ఫైళ్ళని బయటికి తీశాకే దిద్దండి. జిప్ లోపలే తెరిచి మార్పులు చేస్తే అవి నిలుస్తాయన్న నమ్మకం లేదు.

ఇక్కడే నాకు వెలిగింది. తాళం తీయకముందే పేర్లన్నీ కనిపించాయి కదా! జిప్‌లో పాస్‌వర్డ్ కాపాడేది లోపలి సరుకునే, ఫైలు పేర్లను కాదు. ఆ మహానుభావులు నా బ్యాంకు పేరూ ఖాతా నంబరూ కలిపి ఫైలు పేరుగా పెట్టారు. పేర్లు కూడా దాచాలంటే జిప్ బదులు సెవెన్‌జిప్ వాళ్ళ సొంత రకమైన సెవెన్‌జెడ్ ఫైలు చేసి 'ఎన్‌క్రిప్ట్ ఫైల్ నేమ్స్' దగ్గర టిక్ పెట్టాలి. పాస్‌వర్డ్ ఫోన్లో చెప్పాలి. చీరలమ్ముకునే నాకు ఒక పూటలో అర్థమైంది ఇది.

కుర్రాడికి మళ్ళీ ఫోన్ చేసి, ఈసారీ స్పీకర్లోనే, ఇదంతా చెప్పాను. "సార్‌ని అడిగి చెప్తా అంకుల్" అన్నాడు. సాయంత్రం సార్ దగ్గర్నుంచి జవాబు రాలేదు గానీ, 'డేటా తయారీ ఖర్చులు' అని ఒక బిల్లు వచ్చింది. కట్టను.