బడి భవనంలో పిల్లల కోర్టు

బ్రూక్లిన్‌లోని స్మిత్-నైన్త్ స్ట్రీట్స్ స్టేషన్ న్యూయార్క్ సబ్‌వేలోకెల్లా ఎత్తైనది. కింద గొవానస్ కాలువ, దూరాన చేతివేలంత స్వేచ్ఛా విగ్రహం కనిపించాయి. మెట్లు దిగి, రెడ్ హుక్ ప్రభుత్వ గృహసముదాయం పక్కగా నడిచి, నేనూ మా మేనకోడలూ విజిటేషన్ ప్లేస్ అనే వీధికి చేరుకున్నాము. 2000లో అక్కడ తెరిచిన, ఆ పేట కేసులు విచారించే కోర్టు అయిన కమ్యూనిటీ జస్టిస్ సెంటర్ భవనం ఒకప్పటి క్యాథలిక్ బడి కావడం వల్ల కాబోలు, బడిపంతులుగా రిటైరైన నాకు అందులో కొత్త అనిపించలేదు.

మేము చూడవచ్చినది అక్కడి యూత్ కోర్టును. చిన్న తప్పు చేసి దొరికిన పిల్లలను వారి ఈడు పిల్లలే విచారిస్తారు. న్యాయమూర్తి, జ్యూరీ, పిల్లవాడి తరఫున ఒకరు, ఊరి తరఫున ఒకరు, అందరూ శిక్షణ పొంది పరీక్ష నెగ్గిన టీనేజర్లే. తప్పు ఒప్పుకుని, ఇష్టపడి వచ్చినవారి కేసులే వింటారు కనుక నేరం రుజువు చేసే వాదన ఉండదు, దాన్ని ఎలా సరిదిద్దాలన్నదే విషయం. అమెరికాలో కొన్ని బడులు సస్పెన్షన్‌కు బదులు ఈ పద్ధతినే వాడుకుంటున్నాయి.

లోపలి మాట బయట పెట్టనని ప్రమాణం చేశాను, కనుక ఆ పిల్లవాడెవరో, ఏం చేశాడో రాయను. ఎవరినీ పట్టివ్వని ఒక్క ప్రశ్న మాత్రం చెబుతాను. జ్యూరీలోని ఒక అమ్మాయి, రాసుకున్న కాగితం బోర్లించి, "ఇంట్లో ముందుగా ఎవరికి చెప్పావు?" అని అడిగింది. వాడు చొక్కా అంచు మెలిపెడుతూ చాలాసేపు పలకలేదు. ఎవరూ తొందరపెట్టలేదు. నేనైతే ఈపాటికి "నోట్లో నాలుక లేదా?" అని కసిరి ఉండేవాణ్ణి. తీర్పు ఒక క్షమాపణ లేఖ, కొన్ని గంటల సమాజసేవ.

ఆ దగ్గరలోనే ప్యాట్రిక్ డేలీ పేరు పెట్టిన బడి ఉంది. 1992 డిసెంబరులో, తోటివాడితో గొడవపడి ఏడుస్తూ వెళ్లిపోయిన పిల్లవాణ్ణి వెతుకుతూ బయలుదేరిన ఆ ప్రధానోపాధ్యాయుడు, మాదకద్రవ్యాల ముఠాల కాల్పుల మధ్య చిక్కి మరణించాడు. జస్టిస్ సెంటర్ ఆలోచనకు ఆ చావే నాంది.

తిరుగుదారిలో, నేను పది రోజులు బడికి రావద్దన్న ఎనిమిదో తరగతి కుర్రవాడి సంగతి చెప్పాను. ఆ పది రోజులూ వాడు ఎక్కడ తిరిగాడో నేను కనుక్కోలేదు, పదకొండో రోజు రాకపోతే గైర్హాజరు వేసి ఊరుకున్నాను.

"వాడి పేరేమిటి మామయ్యా?" అని అడిగింది మేనకోడలు.

ఇంటిపేరు ఒక్కటే గుర్తుకొచ్చింది.