లయోలా కోటలో ఒక పూజ

విజయవాడ వాళ్లకి లయోలా అంటే కాలేజీ. 1954లో జెస్విట్ ఫాదర్లు (యేసు సభ అనే క్యాథలిక్ గురువుల సభ వాళ్లు) పెట్టిన ఆంధ్ర లయోలా కాలేజీలో చదివినవాళ్లు ఏ ఊళ్లో కలిసినా ముందు హాస్టల్ కబుర్లే మొదలెడతారు. నేనూ ఆ బాపతే. స్పెయిన్లో లయోలా అనేది ఒక ఇల్లని, మధ్యయుగాల నాటి చిన్న కోటని, దాని చుట్టూ ఇప్పుడు పెద్ద గుడి ఉందని వింటూనే ఉన్నాను. జర్మనీలో ఉండే మా బావమరిది, "బావా, సెలవు పెట్టేశాను, టికెట్లు నేను చూసుకుంటా" అన్నాక ఇక సాకు దొరకలేదు.

స్పెయిన్ ఉత్తరాన బాస్క్ ప్రాంతంలో, ఉరోలా నది ఒడ్డున అజ్పేతియా అనే ఊరుంది. సాన్ సెబాస్టియన్ నుంచి బస్సెక్కితే కొండల మధ్య మలుపులు తిరుగుతూ తీసుకెళ్లి దింపుతుంది. ఊరికి కాస్త అవతలే లయోలా. బస్సు దిగగానే కనిపించేది కోట కాదు, బాసిలికా అనే ఆ పెద్ద గుడి. 65 మీటర్ల డోము, దానికి రెండు వైపులా రెక్కలు చాచినట్టు పొడవాటి భవనాలు, వెనకాల ఇజరాయిట్జ్ కొండ. "కోటేదండీ?" అని మా ఆవిడ అడిగింది. ఆ రెక్కల్లో ఒకదాని లోపల ఉంది. పక్క వాకిలి గుండా చిన్న ఆవరణలోకి వెళ్తే గానీ దాని మొహం కనపడదు.

ఆ ఆవరణలో నిలబడి తలెత్తి చూడాలి. కింది అంతస్తులు మొరటు రాయి, కిటికీలు తక్కువ, గోడలు చాలా మందం. ఉన్నట్టుండి ఆ రాయి ఆగిపోయి, అక్కణ్నుంచి పైకంతా ఎర్ర ఇటుక మొదలవుతుంది. ఇటుకల్ని ముందుకీ వెనక్కీ జరిపి పేర్చి గళ్లూ పట్టీలూ తీర్చారు, మూలల్లో బుల్లి బురుజులు పెట్టారు. ఒక సైనికుడి ఇంటిమీద ఒక షోకిలా ఇంటిని ఎక్కించి కూర్చోబెట్టినట్టుంది.

అలా ఎందుకుందో తెలిస్తే ఆ గోడ ముందు నుంచి కదలబుద్ధి కాదు. 15వ శతాబ్దంలో ఈ లోయల్లో పెద్ద కుటుంబాలు రెండు ముఠాలుగా చీలి కొట్టుకునేవి. ఒన్యాజ్ వర్గం ఒకటి, గంబోవా వర్గం ఇంకొకటి. లయోలా వాళ్లు ఒన్యాజ్ వైపు. మన పల్నాడు, రాయలసీమ వాళ్లకి ఇంతకన్నా చెప్పక్కర్లేదు. చివరికి ఈ పెద్దలంతా ఏకమై 1456లో పట్టణాల మీదకే సవాలు విసిరారు. పట్టణాలు రాజుకి మొర పెట్టుకున్నాయి. కాస్తీల్ రాజు నాలుగో ఎన్రికే వాళ్ల కోట ఇళ్ల పైభాగాలు కూల్చేయమన్నాడు, మనుషుల్ని దక్షిణాదిన మూర్ల (అక్కడి ముస్లింల) రాజ్యం సరిహద్దుకి పంపేశాడు. ఇంటి యజమాని హువాన్ పెరెజ్ ప్రవాసం ముగించుకుని తిరిగొచ్చాక, కూలిన భాగాన్ని కోటలా కాకుండా ఇటుకతో ఇల్లులా కట్టుకున్నాడు. ఆ ఇటుక పనిలో కనిపించేది ముస్లిం కట్టడాల పద్ధతి కలిసిన దక్షిణాది ముదేహార్ శైలి. రాజు కొట్టిన దెబ్బ ఇవాళ్టికీ ఆ గోడ మీద గీత గీసినట్టు కనపడుతూనే ఉంది.

ఆ హువాన్ పెరెజ్ మనవడే ఇనీగో. 1491లో ఈ ఇంట్లోనే పుట్టాడు. జెస్విట్ సభను స్థాపించిన పునీత ఇగ్నేషియస్ అని మనం పిలుచుకునేది ఇతన్నే.

గుమ్మం మీద రాతిలో వంశ చిహ్నం ఉంది: గొలుసుకి వేలాడే కాగు, దానికి అటూ ఇటూ రెండు తోడేళ్లు. లోపల మెట్లెక్కుతూ పోవాలి. వంటిల్లు, భోజనాల గది, కుటుంబం ప్రార్థన చేసుకునే గది దాటాక పై అంతస్తులో ఒక వారగా పొడవాటి గది వస్తుంది. యాత్రికులందరూ వచ్చేది ఆ గది కోసమే. గుణదల కొండెక్కిన మోకాళ్లు కాబట్టి మా ఆవిడకి మెట్లు లెక్క కాలేదు, నేనే మధ్యలో ఆగాల్సొచ్చింది.

1521 మే 20న పాంప్లోనా కోటను ఫ్రెంచి సేన ముట్టడించినప్పుడు ఫిరంగి గుండు దాన్ని కాపాడుతున్న ఇనీగో కుడి కాలు విరగ్గొట్టింది. డోలీలో ఇంటికి మోసుకొచ్చారు. ఎముక వంకరగా అతుక్కుంటే మళ్లీ విరిచి కట్టారు. అప్పటికీ మోకాలి కింద ఒక ముక్క పొడుచుకొచ్చింది. బిగుతు బూట్లు తొడుక్కుంటే అందంగా ఉండదని ఆ ఎముకనీ కోయించుకున్నాడు. మత్తుమందు లేని కాలం. పిడికిళ్లు బిగించాడే తప్ప నోరు విప్పలేదట. ఇంతా చేసింది భక్తితో కాదు, సోకు కోసం! నాకు ఈ మనిషి నచ్చడం ఇక్కడే మొదలైంది. మంచంలో తోచక వీరుల ప్రేమకథలు అడిగితే ఇంట్లో అవి లేవు. క్రీస్తు చరిత్ర, పునీతుల జీవితాలు తెచ్చిచ్చారు. అవి చదువుతూ మారిపోయిన గది ఇదే.

ఇప్పుడది చిన్న గుడి. పైన దూలం మీద పెద్ద అక్షరాలతో "ఇనీగో లయోలా ఇక్కడే దేవునికి తన్ను తాను అప్పగించుకున్నాడు" అని స్పానిష్‌లో రాసి ఉంది. కింద రంగులద్దిన విగ్రహం: చేతిలో పుస్తకం, చూపు పైకి. స్పానిష్ యాత్రికుల బృందం ఒకటి వాళ్ల ఫాదర్ గారితో వచ్చింది, వాళ్ల దివ్యబలి పూజలో మేమూ కలిసిపోయాం. భాష రాకపోయినా పూజ తెలిసిందే కదా. పరలోక ప్రార్థన మేం తెలుగులో చెప్పుకున్నాం.

తర్వాత బాసిలికాలోకి వెళ్లాం. 1680లలో ఈ ఇల్లు స్పెయిన్ రాజమాత మరియానా చేతికొచ్చింది, ఆమె దాన్ని జెస్విట్‌లకిచ్చింది. రోములో కార్లో ఫొంతానా ప్లాను గీశాడు. 1689లో మొదలైన గుడి 1738లో ప్రతిష్ఠ అయింది. గుండ్రటి గుడి, మధ్యలో ఎనిమిది స్తంభాల మీద డోము, చుట్టూ నడవా. ప్లాను వరకూ శుభ్రంగానే ఉంది. కట్టిన స్థానిక మేస్త్రులు మాత్రం ఖాళీ జాగా వదల్లేదు. పెద్ద పీఠం దగ్గర మెలికల స్తంభాలు, రంగురంగుల పాలరాతి పొదుగుళ్లు, మధ్యలో వెండి ఇగ్నేషియస్. ఆ విగ్రహం దక్షిణ అమెరికాలోని కరకాస్‌తో వ్యాపారం చేసిన కంపెనీ కానుక. బావమరిది ఫొటోల మీద ఫొటోలు తీస్తున్నాడు. నాకు మాత్రం ఆ ఇటుక గోడ దగ్గరికే వెళ్లాలనిపించింది.

ఎందుకంటే ఇంత ఆర్భాటం చేసిన ఈ ఇంట్లో ఇగ్నేషియస్ మళ్లీ కాపురం ఉండలేదు. 1535లో ఆరోగ్యం బాగాలేక పారిస్ నుంచి ఒక చిన్న గుర్రం మీద వచ్చాడు. అన్నగారు మనుషుల్ని ఎదురు పంపిస్తే, రహదారి వదిలి కొండదారి పట్టాడు. కోటకి పోకుండా ఊళ్లో బీదల కోసం ఉన్న మగ్దలేనా ఆసుపత్రిలో దిగి, అడుక్కుని తిన్నాడు. రోజూ పిల్లలకి జ్ఞానోపదేశం చెబుతానంటే అన్నగారు "ఎవడొస్తాడు?" అన్నారు. "ఒక్కడొచ్చినా చాలు" అన్నాడు తమ్ముడు. తీరా మొదలెట్టాక వచ్చినవాళ్లలో అన్నగారూ ఉన్నారు. వెళ్లే ముందు, ఊరి బీదలకి సాయం అందేలా కట్టుబాట్లు రాయించి వెళ్లాడు.

తెచ్చిన గుర్రాన్ని ఆసుపత్రికే వదిలేశాడు. 1552లో అటు వెళ్లిన ఒక జెస్విట్ దాన్ని చూసి రోముకి ఉత్తరం రాశాడు: బాగా బలిసి ఉందట, ఇంకా పని చేస్తోందట, చేలల్లో పడి మేసినా అజ్పేతియాలో ఎవరూ ఏమీ అనరట.