బీరువా కింద దొరికిన ప్లగ్

పిస్టల్ భాగాల్లో నేను మొదట పేరు నేర్చుకున్నది బ్యారెల్‌దీ కాదు, ట్రిగ్గర్‌దీ కాదు. రికాయిల్ స్ప్రింగ్ ప్లగ్‌ది. వేలి కొసకు తొడిగే టోపీ అంత ఉంటుంది. నేను షూటింగ్ ప్రాక్టీసుకి వాడేది 1911 తరహా పిస్టల్, అమెరికన్ తుపాకుల రూపకర్త జాన్ బ్రౌనింగ్ డిజైన్. అందులో బ్యారెల్ కింద స్ప్రింగ్ గట్టిగా నొక్కుకుని ఉంటుంది. దాన్ని ప్లగ్ ఆపుతుంది, ప్లగ్‌ని మూతి దగ్గర బ్యారెల్ చుట్టూ ఉండే బుషింగ్ అనే ఉంగరం ఆపుతుంది. మొదటిసారి శుభ్రం చేద్దామని పిస్టల్ విప్పినప్పుడు, బుషింగ్ తిప్పుతూ బొటనవేలు కాస్త సడలించానంతే, ప్లగ్ నా చెవి పక్కనుంచి ఎగిరిపోయింది. అరగంట నేలమీద పాకితే బీరువా కింద దొరికింది. ఇప్పుడు కళ్ళద్దాలు పెట్టుకోకుండా దాని జోలికి పోను.

అసలు విప్పడం కన్నా ముందు చేయాల్సిన పని ఒకటుంది, అందులో వరస తప్పకూడదు. మొదట మ్యాగజైన్, అంటే తూటాల పెట్టె తీయాలి, ఆ తర్వాతే స్లైడ్, అంటే పిస్టల్ పైన ముందుకీ వెనక్కీ జారే భాగం, లాగాలి. ముందే స్లైడ్ లాగితే చాంబర్‌లోని (బ్యారెల్ వెనకకొసన తూటా కూర్చునే చోటు) తూటా బయటపడుతుంది గానీ, వదలగానే మ్యాగజైన్‌లోంచి ఇంకోటి లోపలికెళ్ళి కూర్చుంటుంది. మనమేమో ఖాళీ అయిందనుకుంటాం. అందుకే చాంబర్‌ని కంటితో చూస్తాను, చిటికెనవేలు పెట్టి కూడా చూస్తాను. తూటాలైతే ఆ గదిలోనే ఉండనివ్వను.

ప్లగ్ వచ్చాక స్లైడ్‌ని వెనక్కి జరిపి, దాని అంచున ఉన్న అర్ధచంద్రాకారపు గాడిని, స్లైడ్‌ని ఊడిపోకుండా పట్టుకునే స్లైడ్ స్టాప్ అనే మీటకి ఎదురుగా తెచ్చి, ఆ స్టాప్‌ని పక్కకి తోసేస్తే స్లైడ్ ముందుకి జారి వచ్చేస్తుంది. బ్యారెల్‌కి కింద వేలాడే చిన్న లింక్‌ని చూసి మొదట్లో ఏదో విరిగిందనుకుని కంగారుపడ్డాను. అది ఊగాల్సిందేనట! పేల్చినప్పుడు బ్యారెల్ వెనకభాగాన్ని కిందికి దించి, స్లైడ్ నుంచి విడిపించేది అదే.

బ్యారెల్‌ని చాంబర్ వైపు నుంచే తోముతాను. మూతి అంచు అరిగితే గురి చెడుతుంది. కంచు బ్రష్‌ని రెండో కొసదాకా పూర్తిగా తోసి, అప్పుడే వెనక్కి లాగాలి. తర్వాత గుడ్డముక్కలు, తెల్లగా వచ్చేదాకా. నూనె విషయంలో మాత్రం చాలామంది ఉత్సాహం ఎక్కువ చూపిస్తారు, నేనూ చూపించాను. స్లైడ్ జారే పట్టాల మీద పల్చగా రాస్తే చాలు. తూటాని వెనకనుంచి కొట్టే ఫైరింగ్ పిన్ రంధ్రంలో పోస్తే మసి పట్టి జిగురవుతుంది. ఆ మసిలో సీసం కూడా ఉంటుంది కాబట్టి, సబ్బుతో చేతులు కడుక్కునే దాకా టీ కప్పు ముట్టుకోను.

తిరిగి బిగించేటప్పుడు స్లైడ్ స్టాప్ మొరాయిస్తుంది. విసుగొచ్చి నెట్టామా, దాని కొస ఫ్రేమ్ (పిడి ఉండే కింది భాగం) మీద వంకరగా ఒక గీత గీస్తుంది. షూటర్లు దానికి 'మూర్ఖుడి గీత' అని పేరు పెట్టారు. నా పిస్టల్ మీద రెండున్నాయి. రెండోది నిన్నటిది.