నాన్న, సాల్మన్ తలకాయ, ఒక లెక్కల బయాలజిస్టు

మల్ట్‌నోమా జలపాతం దగ్గర పార్కింగ్ నిండిపోయిందని గేటు వేసేశారు. సెప్టెంబరు శనివారం, పోర్ట్‌లాండ్ జనమంతా అక్కడే ఉన్నట్టున్నారు. విసుగొచ్చి ఐ-84 హైవే మీద ముందుకే పోనిచ్చాను. రాజమండ్రి నుంచి వచ్చినప్పటి నుంచీ నాన్నది ఒకటే గోల: ప్లాస్టిక్‌లో చుట్టిన చేప ముక్కని మొప్ప చూడకుండా ఎలా కొంటారు, పైగా అంత రేటా అని. కొలంబియా నది ఒడ్డున కాస్కేడ్ లాక్స్‌లో వంతెన కింద నేటివ్ అమెరికన్లు సాల్మన్ అమ్ముతారని విన్నాను. అక్కడికే తీసుకెళ్లాను.

ఐస్ పెట్టెలోంచి నాన్న ఓ చినూక్ రకం సాల్మన్‌ని ఎంచి, మొప్ప ఎత్తి, కడుపు నొక్కి చూసి "ఇవాళ్టిదే" అని తేల్చారు. ఇంతలో పక్కనున్న అమ్మాయి ఆ చేపని అడిగి తీసుకుంది. పొడవు కొలిచింది. పట్టకారుతో ఒక పొలుసు పీకి కాగితానికి అంటించింది. దాని మీది వలయాలను బట్టి వయసు చెబుతారట. తర్వాత మూతి దగ్గర ఓ పరికరం తిప్పితే బీప్ మంది. అమ్ముతున్న పెద్దావిడ సరేనని తలూపగానే కత్తి తీసి మూతి కోసేసింది!

నాన్నకి ప్రాణం పోయినంత పనైంది. ఆయనకి చేపంటే తలకాయే.

ఆ మూతిలో మిల్లీమీటరు తీగముక్క ఉంటుందట. పిల్లగా ఉన్నప్పుడు చేపపిల్లల్ని పెంచే ఏ హేచరీ వాళ్లు వదిలారో దాని మీది నంబరు చెబుతుంది. ఆ అమ్మాయి ఫిషరీస్ బయాలజిస్టు. "గవర్నమెంటు ఉద్యోగమా?" అని అడగమన్నారు నాన్న. "అవును, మా తెగ గవర్నమెంటు" అంది.

అమెరికా ప్రభుత్వంతో 1855లో చేసుకున్న ఒప్పందాల్లో యాకమా, యుమటిల్లా, వార్మ్ స్ప్రింగ్స్, నెజ్ పర్స్ తెగలు భూములు వదులుకున్నాయి కానీ, అలవాటైన చోట్ల చేపలు పట్టే హక్కు వదులుకోలేదు. ఆ హక్కు కాగితం మీదే ఉండిపోతే 1969లో ఈ నది విషయంలో న్యాయమైన వాటా ఇవ్వాలంది కోర్టు. 1974లో వాషింగ్టన్ రాష్ట్రం కేసులో ఇంకో జడ్జి, పట్టదగ్గ చేపల్లో సగం అని తేల్చాడు. వాటా అన్నాక మొత్తం ఎంతో తెలియాలి కదా. అవతలివాళ్ల లెక్కనే నమ్ముకోకుండా తెగలు సొంత శాస్త్రవేత్తల్ని పెట్టుకున్నాయి. 1977లో నాలుగూ కలిసి ఒక కమిషన్ కూడా ఏర్పాటు చేసుకున్నాయి.

దిగువన బోన్నెవిల్ డ్యామ్ దగ్గర, చేపల కోసం కట్టిన మెట్లెక్కి వచ్చేవాటిని అద్దంలోంచి లెక్కపెడతారు. ఆ అంకెను బట్టే అంచనాలు మారుతుంటాయి. స్నేక్ నదిలో పుట్టిన చేపలు కూడా ఈ గుంపులోనే కలిసొస్తాయి. 1990లో వాటిలో ఆ నది మీది లోయర్ గ్రానిట్ డ్యామ్ దాటినవి 78. తర్వాత బాగా పెరిగాయి, అందులో నెజ్ పర్స్ వాళ్ల కృషి చాలా ఉంది. అయినా వాటిలో ఎన్ని పట్టొచ్చని పెట్టిన పరిమితి దగ్గరపడితే, నది నిండా చేపలున్నా వలలు తీసెయ్యాల్సిందే.

"ఆ మాట మా పెదనాన్నకి చెప్పాల్సింది నేనే" అంది ఆ అమ్మాయి మొహం అదోలా పెట్టి. డ్యాములు కట్టినవాళ్లు ఎవరో, వల తీసెయ్యమని సొంతవాళ్లకి చెప్పాల్సిన ఖర్మ ఈ పిల్లకా అనిపించింది. ఎగువన సిలైలో అనే జలపాతాన్ని 1957లో ద డాల్స్ డ్యామ్ ముంచేసింది. పెద్దావిడ పుట్టింటివాళ్లు చేపలు పట్టిన చోటు అక్కడేనట.

ఇదంతా తెలుగులో చెబితే నాన్న కాసేపు పలకలేదు. మా వైపు పులసా అంతే, సముద్రంలోంచి గోదావరికి ఎదురీది వస్తుంది. "ధవళేశ్వరం బ్యారేజీ కాడ మెట్లెన్ని ఉన్నాయిరా? లెక్కెట్టేవాడెవడు?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. కిలో వేలు పెట్టి కొనేవాళ్లే తెలుసు నాకు.

తర్వాత బేరానికి దిగారు. మూతి లేని చేపకి పూర్తి డబ్బులా అని. రేటు షాపులో కన్నా తక్కువే, నేను సిగ్గుతో చచ్చాను. పెద్దావిడ నవ్వి, రేటు తగ్గించకుండా రెండు గుప్పిళ్ల జన, అదే చేపగుడ్లు, కవర్లో వేసింది. జనని చూశాక నాన్న మూతి సంగతి ఎత్తితే ఒట్టు.