పీకకముందే మొలిచిన సెనక్కాయలు

పోయిన వారం ఊరికి పోయినా, కల్యాణదుర్గం పక్కన మాది. కాయలు పీకేదానికి ఇంకో నాలుగు రోజులుందనంగా ముసురు పట్టుకుని మూడు రోజులు వదల్లేదంట, నేను పోయేసరికి తెరిపిచ్చింది. చేలోకి పోయి ఒక చెట్టు పీకితే సగం కాయలు పగిలి లోపల్నుంచి తెల్లటి మొలక తొంగి చూస్తాంది, కొన్నయితే కాయని చెట్టుకు పట్టి ఉంచే ఊడ తెగి మట్టిలోనే ఉండిపోయినాయి. నాయన ఒక మొలక గిల్లి చూసి "ఇత్తేటప్పుడు రాలేదు గానీ ఇప్పుడు బలే వచ్చిండాదప్పా వాన" అన్నాడు.

వాననే తిడితే ఎట్ల, మేం వేసింది గుత్తి రకం, తీగ పారకుండా మొదట్లోనే గుత్తిగా కాసేది. మామూలు గుత్తి రకాలకు నిద్రావస్థ ఉండదు, అంటే కాయ ముదిరినాక తడి తగిలితే చాలు మొలకే. తీగ రకాలకైతే ఉంటుంది, నెలా రెండు నెలలు కదలవు. సెనక్కాయ పుట్టిల్లు దక్షిణ అమెరికా, బొలీవియా అర్జెంటీనా వైపు. అక్కడ వానలు అయిపోయినాక ఎండలే ఎండలు, ఆఖర్లో పడిన చినుక్కి ఆశపడి లేచిన మొలక మాడిపోతుంది, పడుకున్న గింజే మరుసటి ఏడాది చెట్టయి కాయలు కాస్తుంది. ఎవరూ కూర్చుని ఏరక్కర్లేదు, ఎండే ఏరిపెడుతుంది. ఇంకో విచిత్రం, అడవి సెనక్కాయలో రెండు గింజలు ఒకే బుడ్డలో ఉండవు, మధ్యలో దారం మాదిరి సాగి గింజ గింజా దూరం దూరంగా పడుంటాయి, అట్లాంటిది పీకాలంటే మన కూలోళ్లు మనల్నే పీకుతారు.

మనకు కావాల్సింది వేరే కదా. మూడున్నర నెలల్లో చేతికి రావాలి, పీకితే కాయలన్నీ పిడికిట్లోకి రావాలి, విత్తితే అన్నీ ఒక్కసారే లేవాలి. 1940లో తమిళనాడు తిండివనం నుంచి వచ్చిన టీఎంవీ-2 గానీ, ఆ తర్వాత మన కదిరి నుంచి వచ్చిన కే-6 గానీ, రెండూ గుత్తివే. ఎవరూ పనిగట్టుకుని నిద్ర వద్దని ఏరుండరు, తొందరగా కాసేదాన్ని ఏరుకుంటే నిద్ర లేకపోవడం దాని వెనకాలే వచ్చేసిందని నా అనుమానం. ఇప్పుడు సైంటిస్టులు రెండు మూడు వారాల నిద్రని మళ్లీ గుత్తి రకాల్లోకి ఎక్కిస్తాండారు. మరీ ఎక్కువైనా కష్టమే, ఆ ఇత్తనమే రబీకి వేస్తే మొలవదు.

అదే చేలో ఎర్ర గొంగళి పురుగును చూడండి, మట్టిలో కోశం కట్టుకుని నెలల తరబడి పడుకుంటుంది, తొలకరి పడంగానే రెక్కల పురుగులన్నీ ఒక్కసారే బయటికి. చిన్నప్పుడు గట్ల మీద మంటలేసేవాళ్లం, వాటంతటవే వచ్చి పడేవి. దాన్నెవరూ పెంచలేదు, మేమైతే చంపాలనే చూసినాం, అయినా వాన లెక్క మా సెనక్కాయకంటే దానికే బాగా తెలుసు.

సాయంత్రం నాయన మొలకలు రాని చెట్లు ఓ ఐదారు చూసి వాటి కాయలు టవల్లో మూట కట్టినాడు, ఇత్తనానికంట. "అది మెరక నాయనా, నీళ్లు నిలబడక మొలిచిండవు, జాతి గుణం కాకపోవచ్చు" అన్నా.

"ఏమో, ఏసి సూస్తే పాయె" అని మూట తీసకపోయి అటక మీద పెట్టినాడు.